పాత ఇంటి గోడకు డ్రిల్లు దిగట్లేదు (బసవనగుడి, రాతి గోడ, గీజరు బిగించాలి)

హిందూపురం_కోడలు

అందరికీ నమస్తే. బెంగళూరు బసవనగుడిలో, గాంధీ బజారుకు దగ్గర్లో ఉంటాం. మా మామగారి నాన్నగారు 1938లో కట్టించిన ఇల్లు. వెనకవైపు స్నానాల గదిలో పదిహేను లీటర్ల గీజరు పెట్టించాలి. తలుపు దగ్గర గోడ మందం కొలిస్తే పద్ధెనిమిది అంగుళాలు వచ్చింది.

షాపు వాళ్ళు పంపిన అబ్బాయి రెండు బొక్కలు వేశాడు. మొదటిది ఒక అంగుళం సునాయాసంగా దిగి అక్కడే ఆగిపోయింది. పది నిమిషాలు ఒంటి బరువంతా వేసి నొక్కాడు. బిట్టు కొస నీలంగా మారింది గానీ బొక్క లోతు పెరగలేదు. అడుగు దూరం పక్కకు జరిగి రెండోది వేస్తే అది బిట్టంతా మింగేసింది. ప్లగ్గు పెట్టి స్క్రూ తిప్పితే ప్లగ్గుతో సహా గిరగిరా తిరుగుతోంది. "ఇది రాతి గోడ మేడం, మావల్ల కాదు" అని చార్జీ తీసుకుని వెళ్ళిపోయాడు.

అత్తమ్మకు 74 ఏళ్ళు. నేను పొద్దున ఏడింటికే ఆఫీసుకు బయల్దేరాలి. నేను వెళ్ళాక పొయ్యి మీద నీళ్ళు కాచుకుని, ఆ బిందె తనే మోసుకుంటూ తడి నేల మీద నడుస్తుంది. ఎంత చెప్పినా వినదు. ఆ రెడాక్సైడు గచ్చు తడిస్తే ఎంత జారుతుందో పాత ఇళ్ళలో ఉన్నవాళ్ళకు తెలుసు. ఈ వారంలో ఎలాగైనా గీజరు ఎక్కాలి. ఇంట్లో 500 వాట్ల మామూలు ఇంపాక్టు డ్రిల్లు ఉంది. ఏం చేయమంటారు?

మల్లేశ్వరం_8వ_క్రాస్

అక్కా, ఒక్క ప్రశ్న. రెండు బొక్కల్లోంచి రాలిన పొడి ఏ రంగులో ఉంది? ఊడ్చేయకుండా ఉంటే చూసి చెప్పండి.

తుమకూరు_రోడ్డు

రంగుతో పనేముంది? మంచి బిట్టు కొనుక్కుని గట్టిగా నొక్కితే ఏ గోడైనా దిగుతుంది. మా అపార్టుమెంటులో నేనే ఇరవై బొక్కలు వేశాను.

మల్లేశ్వరం_8వ_క్రాస్

అన్నా, మీది కాంక్రీటు బ్లాకు గోడ. ఒకచోట ఎలా ఉంటే అంతటా అలాగే ఉంటుంది. ఎనభై ఏళ్ళ గోడ అలా ఉండదు, జానెడు దూరంలో వేరే సరుకు తగులుతుంది. మా ఇల్లూ ఆ కాలందే. గోడ లోపలేముందో చూపించేది ఆ పొడి ఒక్కటే. ఎర్రగా ఉంటే ఇటుక. తెలుపు, లేత గోధుమ రంగైతే సున్నపు గార. బూడిద రంగైతే సిమెంటు, అంటే ఎవరో ఈమధ్య మరమ్మతు చేసిన చోటు, లేదా కిటికీ మీద లింటెల్ (పై దిమ్మ). నలుపూ తెలుపూ కలిసి ఎండలో మిలమిలా మెరిస్తే రాయి. పొడిలో ఇనప రజను కనిపిస్తే అక్కడ ఊచ తగిలినట్టు, వెంటనే ఆపేయాలి.

హిందూపురం_కోడలు

గచ్చు మీద ఇంకా ఉంది, చూశాను. మొదటి దాని కింద తెల్ల పొడి, దాని మీద చిటికెడు మెరిసే పొడి. వేళ్ళ మధ్య నలిపితే గాజులా గరగరమంటోంది. రెండో దాని కింద అంతా తెల్ల పొడే. ఇసక చాలా ఉంది, ఊదితే లేచిపోయేంత మెత్తన. అక్కడక్కడా ఎర్రటి నలుసులు కూడా.

రాళ్ళు_కొట్టిన_ఇల్లు

అక్కా, మీ పొడే అంతా చెప్పేసింది. మాది కోలారు వైపు. మా నాన్న, తాత ఇద్దరూ రాళ్ళు కొట్టినవాళ్ళు. బెంగళూరులో ఆ కాలపు గోడలకు వాళ్ళు సైజు రాళ్ళు చెక్కి ఇచ్చారు కాబట్టి తెలిసింది చెబుతాను.

పద్ధెనిమిది అంగుళాల గోడంటే సాధారణంగా రెండు ముఖాలకూ చెక్కిన రాళ్ళు, మధ్యలో రాతి ముక్కలు, ఇటుక తునకలు, సున్నం కలిపి దట్టించిన నింపుడు. దాని మీద సున్నపు గార. మీ మొదటి బొక్క గార దాటి రాయి నడిబొడ్డుకు తగిలింది. రెండోది సరిగ్గా రెండు రాళ్ళ సందులో పడి, ఆ సున్నంలోంచి లోపలి నింపుడులోకి పోయింది. ఆ ఎర్ర నలుసులు నింపుడులోని ఇటుక తునకలవి. రాయిలో బొక్క వేయలేకపోయాడు, సందులో వేసింది పనికిరాలేదు. అంతే తప్ప గోడ చెడ్డది కాదు.

ఆ రాయి లాల్‌బాగ్‌లో గుట్ట ఎక్కితే కాళ్ళ కింద ఉండే రాయి జాతే. మూడు వందల కోట్ల ఏళ్ళ నాటిదని అక్కడి బోర్డు మీద రాసి ఉంటుంది. దాంట్లో మెరిసేది పలుగురాయి, మామూలు ఉక్కు కన్నా గట్టిది. అందుకే తిరుగుడుతో అది అరగదు, దెబ్బకు చిట్లాల్సిందే. మా నాన్న రాతిలో బొక్క వేసేటప్పుడు నేను ఉలి పట్టుకునేవాణ్ణి. ఆయన సమ్మెట దెబ్బ వేయగానే నేను ఉలిని కొద్దిగా తిప్పాలి. మళ్ళీ దెబ్బ, మళ్ళీ తిప్పు. తిప్పడం మరిస్తే ఉలి ఇరుక్కుపోయేది, నాన్న పేరు పెట్టి అరిచేవాడు. దెబ్బ రాయిని పిండి చేస్తుంది, తిప్పితే ఆ పిండి పక్కకు పోయి కొత్త చోటు దొరుకుతుంది. మెషీను కూడా చేసేది ఇదే. మీ ఇంట్లో ఉన్న డ్రిల్లు తిప్పడంలో గట్టిది, కొట్టడంలో మాత్రం చాలా మెతక.

ఎస్పీ_రోడ్_ఆదివారం

తమ్ముడు సరిగ్గా చెప్పాడు. మెషీన్ల సంగతి నేను కలుపుతాను.

ఇంపాక్టు డ్రిల్లు లోపల పళ్ళున్న రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటాయి. నిమిషానికి నలభై వేల దాకా చిన్న చిన్న తట్లు. మనం ఎంత నొక్కితే అంతే దెబ్బ. ఇటుకకు, మామూలు సిమెంటు గోడకు సరిపోతుంది. రాయికి మాత్రం అది గోకినట్టే. నొక్కేకొద్దీ వేడెక్కి బిట్టు కొస నీలం తిరుగుతుంది. ఆ కొసకు అతికించిన కార్బైడు ముక్క దగ్గర అతుకు మెత్తబడితే బిట్టు పని అయిపోయినట్టే. ఆ అబ్బాయి బిట్టుకు జరిగింది అదే.

మీకు కావాల్సింది రోటరీ హామరు. దాంట్లో పిస్టను గాలిని నొక్కుతుంది, ఆ గాలి లోపలి గూటాన్ని విసురుతుంది, అది వచ్చి బిట్టు వెనక కొడుతుంది. నిమిషానికి నాలుగు వేల దెబ్బలే, కానీ ఒక్కొక్కటీ నిజమైన దెబ్బ. నొక్కక్కర్లేదు, ఊరికే ఆనించి పట్టుకుంటే చాలు. బాష్ జీబీహెచ్ 2-26 అనే మోడల్లో దెబ్బకు 2.7 జౌళ్ళ శక్తి. మీ పనికి అది ధారాళంగా సరిపోతుంది. బిట్టు కూడా వేరే. ఎస్‌డీఎస్ ప్లస్ అని అడగండి, వెనక గాడులుంటాయి, మామూలు డ్రిల్లు నోట్లో పట్టదు. రాయికి కొస నాలుగు అంచులుగా ఉన్న బిట్టు తీసుకోండి. రెండంచులది రాతిలో పక్కకు పాకుతుంది.

ఒక్క గీజరు కోసం కొనక్కర్లేదు, రోజు అద్దెకు దొరుకుతుంది. బిట్టు మాత్రం కొత్తది మీరే కొనుక్కోండి. అద్దె మెషీనుతో ఇచ్చే బిట్లు చాలావరకు అరిగిపోయి ఉంటాయి.

తుమకూరు_రోడ్డు

సరే, నేను తొందరపడి రాశాను. మరి ముందు ఆరు మిల్లీమీటర్లతో వేసి తర్వాత పదికి పెంచుకోవాలా?

ఎస్పీ_రోడ్_ఆదివారం

అవును, నేనైతే అలాగే వేస్తాను. గురి తప్పదు.

రాళ్ళు_కొట్టిన_ఇల్లు

ఇక్కడ నేను ఒప్పుకోను అన్నా. కాంక్రీటులో అయితే సరే. ఈ రాతిలో ఆరుతో పూర్తిగా వేసి దాంట్లో పది పెడితే, బిట్టు అంచులు బొక్క మూతి దగ్గర పట్టేసుకుంటాయి. మూతి చిట్లుతుంది, మణికట్టు మెలితిరుగుతుంది. గార వరకే, అంటే అంగుళం లోపు, ఆరుతో కొట్టడం లేకుండా ఉత్త తిప్పుడుతో వేసుకోండి. రాయి తగిలాక తీసి, నేరుగా పది పెట్టి కొట్టించండి. గారకు దెబ్బ తగలకూడదు. తగిలితే పళ్ళెమంత పెచ్చు ఊడి వస్తుంది.

మైలాపూర్_మాడవీధి

మీ రాళ్ళ మధ్యలో మా చెన్నై ఇటుక గురించీ ఒక మాట. ఇది చదివి ఎవరైనా పాత ఇటుక గోడకు రోటరీ హామరు పెడతారేమోనని నా భయం.

మాది మైలాపూరులో మద్రాసు టెర్రసు ఇల్లు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చిన కప్పు, గోడలకు గవ్వసున్నం గార. నాన్నగారి పుస్తకాల అలమర బిగించడానికి నేనే హామరుతో కన్నాలు వేశాను. బయటికి గుండ్రంగా కనిపించాయి. లోపల మాత్రం గరాటులా వెడల్పయిపోయాయి, ఇటుక చుట్టూ సున్నం వదులైపోయింది. ప్లగ్గులు మొదట్లో బాగానే పట్టుకున్నాయి. నాలుగో నెలలో ఒక రాత్రి అలమర మొత్తం ఊడి పడింది. దాని కిందే నాన్నగారి పడక కుర్చీ. అప్పుడే లేచి మంచినీళ్ళకు వెళ్ళారు. ఇప్పటికీ ఆ చప్పుడు గుర్తొస్తే నిద్ర పట్టదు.

పాత ఇటుకకు కొట్టుడు అసలు వద్దు. ఉత్త తిప్పుడు, నెమ్మదిగా. చిన్న సైజుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. కన్నం ఇటుక మధ్యలో పడాలి, సందులో పడకూడదు.

మల్లేశ్వరం_8వ_క్రాస్

మైలాపూరు గారూ, మీరు చెప్పింది చాలా అవసరం. అక్కా, మీ రెండో బొక్క చుట్టుపక్కల ఇటుక తునకలు కనిపించాయి కాబట్టి మీకూ వర్తిస్తుంది.

ఫేజు_న్యూట్రలు

నేను ఎలక్ట్రీషియన్ని. చామరాజపేటలో పని చేస్తాను. అందరూ గోడ గురించి మాట్లాడుతున్నారు, నాకు కరెంటు భయం.

ఒకటి, డ్రిల్లు పెట్టే ముందు మెయిను ఆపి, మెషీనుకు కరెంటు పక్కింటి నుంచి గానీ వేరే లైను నుంచి గానీ తెచ్చుకోండి. స్విచ్చి బోర్డుకు సరిగ్గా పైన, సరిగ్గా కింద ఎప్పుడూ వేయకండి. వైర్లు దాదాపు ఆ నిలువు గీతలోనే పోతాయి. కుళాయికి పైన, కింద కూడా అంతే.

రెండోది ఇంకా ముఖ్యం. పదిహేను లీటర్ల గీజరు మామూలుగా 2000 వాట్లు లాగుతుంది, అంటే తొమ్మిది ఆంపియర్ల దగ్గర. పాత ఇళ్ళలో నేను చూసిన లైన్లు చాలావరకు రెండు వైర్లవే, ఎర్తు ఉండదు. లైటు కోసం వేసిన వైరు మీద గీజరు పెట్టి, తడి ఒంటితో ఆ పెద్దావిడ కుళాయి తిప్పితే? బోర్డు నుంచి ఎర్తుతో కొత్త లైను, 16 ఆంపియర్ల సాకెట్టు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఈ మూడూ లేకుండా ఆ ఇంట్లో గీజరుకు నేనైతే చెయ్యి పెట్టను. ముందు ఇది చేయించండి అమ్మా, బొక్కలు తర్వాత.

హిందూపురం_కోడలు

అన్నా, మీరు చెప్పాక బోర్డు తెరిచి చూపించాం. మీరన్నట్టే ఎర్తు లేదు. రేపు కొత్త లైను లాగుతున్నారు. ఇన్నేళ్ళుగా ఆ గదిలో ఇమ్మర్షను రాడ్డు కూడా వాడాం. తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

రిటైర్డ్_సివిల్

అమ్మాయ్, నలభై ఏళ్ళు సివిల్ పనుల్లో ఉన్నాను. బరువు గురించి చెబుతాను. గీజరు ఖాళీగా పది కిలోల లోపు, నీళ్ళతో పాతిక కిలోలు. గోడకు అది పెద్ద బరువు కాదు. ఎక్కడ వేలాడుతుందన్నదే ప్రశ్న.

పెట్టెలో వచ్చే ఇనప ఫాస్టెనరు బిగించేకొద్దీ లోపల వెడల్పై చుట్టూ ఉన్నదాన్ని నెడుతుంది. నిండు రాయి ఆ నెట్టుడు తట్టుకుంటుంది. రాయి అంచుకు దగ్గరగా వేస్తే మూల చిట్లుతుంది. కనీసం నాలుగంగుళాలు లోపలికి ఉండాలి. సున్నపు సందులో దాన్ని వాడనే కూడదు, ఎంత బిగిస్తే అంత వదులవుతుంది. అలాంటి చోట రసాయన యాంకరు వాడాలి. బొక్కలో జల్లెడ లాంటి గొట్టం దూర్చి, దాంట్లో రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) నింపి, మరలున్న కడ్డీ పెట్టి వదిలేయడమే. జల్లెడ కళ్ళలోంచి రెజిన్ బయటికొచ్చి లోపలి ఖాళీలను పట్టుకుంటుంది. గోడను నెట్టదు. డబ్బా మీద రాసిన గంటలు పూర్తిగా ఆరనివ్వాలి. బొక్కలో పొడి ఉంటే రెజిన్ పొడికే అంటుకుంటుంది, రాతికి కాదు. బ్రష్షుతో తోమి, పంపుతో ఊది, మళ్ళీ తోమి, మళ్ళీ ఊదాలి.

ఇంకో మంచి దారి ఉంది. గీజరు కొక్కేలు నేరుగా గోడకు పెట్టకండి. రెండడుగుల ఇనప పట్టీ ఒకటి నాలుగు చోట్ల బిగించి, దానికి గీజరు తగిలించండి. నాలుగింట్లో ఒకటి బలహీనమైనా మిగతా మూడూ మోస్తాయి.

మల్లేశ్వరం_8వ_క్రాస్

రాయి ఎక్కడుందో గార కింద కనిపించదు కదా సార్, నాలుగూ రాతిలోనే పడేలా ఎలా?

రిటైర్డ్_సివిల్

చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పొండి. రాయి ఉన్నచోట ఖంగుమని బిగువుగా పలుకుతుంది, చెయ్యి వెనక్కి తంతుంది. సందు దగ్గర దబ్‌మని చచ్చుగా ఉంటుంది. డొల్లగా మోగితే గార గోడను వదిలేసిందన్నమాట, అక్కడ అసలు ముట్టుకోవద్దు. సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటే పావుగంటలో రాళ్ళ పటం గోడ మీద కనిపిస్తుంది.

రాళ్ళు_కొట్టిన_ఇల్లు

అక్కా, నేను మొదటే చెప్పాల్సింది ఒకటి చెప్పలేదు. ముక్కుకు ఎన్95 మాస్కు లేకుండా ఆ బొక్క వేయకండి. చేతి రుమాలు, సర్జికల్ మాస్కు పనికిరావు. మీరు వేళ్ళ మధ్య నలిపితే గాజులా గరగరమన్న ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. కంటికి కనిపించే పొడి నేల మీద పడుతుంది, కనిపించనిదే లోపలికి పోతుంది. మా నాన్న యాభై ఆరేళ్ళకే పోయాడు. సిలికోసిస్ అన్నారు. చివరి రెండేళ్ళు పడుకుంటే ఊపిరాడేది కాదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఆయన చెక్కిన రాళ్ళు మీ బసవనగుడిలో ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయో.

ఒకరోజు నాలుగు బొక్కలతో ఆ జబ్బు రాదు. అయినా అత్తమ్మను, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి. బొక్క కింద కాగితం కవరు నోరు తెరిచి టేపుతో అంటించండి, లేదంటే ఒకరు వ్యాక్యూమ్ గొట్టం పక్కనే పట్టుకోవాలి. పని అయ్యాక చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. బొక్కలో మాత్రం నీళ్ళు పోయకండి. మెషీను కరెంటుది, పైగా పొడి బురదై బిట్టును పట్టేస్తుంది.

రిటైర్డ్_సివిల్

నాయనా, నీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నా సైట్లలో ఎంతమంది మాస్కు లేకుండా చేశారో. మేం అడగలేదు.

అమ్మాయ్, పాత రంగు పొరలున్నా ఇదే జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చింది. అంతకు ముందరి పొరల్లో ఎంతుందో చూసి చెప్పలేం. గీకకండి.

హిందూపురం_కోడలు

నాన్నగారి గురించి చదివి ఏడుపొచ్చింది తమ్ముడూ. మాస్కులు తెచ్చాను, ముగ్గురికీ.

శనివారం సాయంత్రం అత్తమ్మ పక్కింటికి వెళ్ళిన సమయం చూసి సుత్తితో తట్టాం. సార్ చెప్పినట్టే రాళ్ళు మాట్లాడాయి! గోడ మీద నాలుగు వరసల గళ్ళు గీసుకున్నాం. పెద్ద రాయి ఒకటి దాదాపు అడుగున్నర పొడవు. మొదటి అబ్బాయి బొక్క దాని నట్టనడుమే ఉంది, రెండోది దాని అంచు దాటి వేలెడు దూరంలో సందులో.

ఆదివారం పొద్దున పదకొండింటికి మా ఆయన మెషీను పట్టుకున్నారు. గార వరకు ఉత్త తిప్పుడు. రాయి తగిలాక కొట్టుడు మోడుకు మార్చారు. మొదటి పది క్షణాలు బిట్టు అటూ ఇటూ ఆడింది. తర్వాత ఒక చిన్న గుంట పడగానే కుదురుకుంది. నొక్కకుండా ఊరికే ఆనించి పట్టుకుంటే చాలన్న మాట నేను నమ్మలేదు. నిజంగా అంతే. పదిహేను క్షణాలకోసారి బిట్టు బయటికి లాగి పొడి వదిలించాం. బిట్టుకు లోతు గుర్తుగా టేపు చుట్టాం. రెండు నిమిషాల లోపే టేపు గోడకు ఆనింది. కవరులో మెరిసే బూడిద రంగు పొడి, ముగ్గులా.

రెండు, మూడు కూడా రాతిలోనే. నాలుగోది మూడంగుళాల తర్వాత ఒక్కసారిగా లోపలికి జారింది, తెల్ల పొడి వచ్చింది. రాయి అనుకున్నదానికన్నా చిన్నది. అక్కడ ఆపేశాం.

ఎస్పీ_రోడ్_ఆదివారం

ఆపడమే మంచి పని. అక్కడ జల్లెడ గొట్టం, రెజిన్. మిగతా మూడింటికి ఫాస్టెనర్లు.

హిందూపురం_కోడలు

అదే చేశాం. ఒక రోజంతా ఆరనిచ్చాం. సోమవారం రాత్రి పట్టీకి పాతిక కిలోల బియ్యం బస్తాలు రెండు తాళ్ళతో వేలాడదీసి పడుకున్నాం. పట్టీ అంచు గోడ మీద ఎక్కడుందో పెన్సిలు గీత గీశాం. పొద్దున చూస్తే గీత అక్కడే, పట్టీ అక్కడే. మధ్యాహ్నం గీజరు ఎక్కింది.

ఇంకొక్క సందేహం. ఆ అబ్బాయి వేసి వదిలేసిన రెండు బొక్కల్లో సిమెంటు నింపేయమంటారా?

రిటైర్డ్_సివిల్

సిమెంటు వద్దమ్మా. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంటుంది. మధ్యలో సిమెంటు బిళ్ళ పెడితే దాని చుట్టూ తేమ చేరి గార రాలుతుంది. ఒక వంతు నానబెట్టిన సున్నం, మూడు వంతులు సన్న ఇసక. బొక్కను ముందు తడిపి, రెండు దఫాలుగా కూరండి.

హిందూపురం_కోడలు

సున్నం కలుపుతుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తన చిన్నప్పుడు ఇళ్ళు కట్టేటప్పుడు గారలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళట. నేను పోయలేదని చాలాసేపు నా వంక చూసింది. తర్వాత గరిటె నా చేతిలోంచి తీసుకుని, రెండో బొక్క తనే పూడ్చి, బొటనవేలితో నున్నగా రాసింది. ఈరోజు పొద్దున వేణ్ణీళ్ళ కుళాయి కింద స్నానం చేసి, బిందెను కడిగి అటక మీద పెట్టించింది.